లేదనడానికి అర్హత

సండూరు తాలూకా ఇనుప గనుల నడుమ యశ్వంతనగర్‌లో ఇంటింటికీ నెట్ ఇచ్చే ఓ తెలుగు కుర్రాడిని ఊహించుకుందాం. రౌటర్ల మీద కన్నేసి ఉంచే అతని ప్రోగ్రాం, సర్వర్ అప్‌గ్రేడ్ అయిన రాత్రి నుంచి మూగబోయింది. అలారం మాత్రం ఒక్కటీ మోగలేదు. "గ్రాఫు రాకపోతే ఏమాయెనన్నా? ఎవరూ ఫోన్ చేయలేదు, అలారం కొట్టలేదు. నెట్ బాగుండాదనే కదా!" అంటాడు. అతని వాదం తీసిపారేయదగ్గది కాదు. కనబడకపోవడాన్ని బట్టి లేదని తేల్చడాన్ని భాట్ట మీమాంసకులు అనుపలబ్ధి అన్నారు, ప్రమాణంగానే ఒప్పుకున్నారు. కాకపోతే ఒక షరతు పెట్టారు: ఉంటే కనబడి తీరేదే అన్న యోగ్యత ఉండాలి. చీకటి గదిలో కుండ కనబడకపోతే కుండ లేదని కాదు. (తర్కసంగ్రహం రాసిన మన అన్నంభట్టు దీన్ని వేరే ప్రమాణంగా ఒప్పుకోడు, ఆ తగాదా మనకిక్కడ అక్కర్లేదు, షరతును ఆయనా కాదనడు.)

చీకటి ఎక్కడుందో పట్టుకోవడం తేలికే. అదే సర్వర్ నుంచి, రౌటర్‌ను నేరుగా ప్రశ్నించే ఎస్‌ఎన్‌ఎంపీగెట్ కమాండ్‌తో అడిగితే రౌటర్ జవాబిస్తుంది. అంటే రౌటరూ, దారీ నిర్దోషులు. ప్రోగ్రాంను చేత్తో నడిపి చూస్తే అసింక్‌కోర్ అనే మాడ్యూల్ లేదంటూ ఆగిపోతుంది. 2023 అక్టోబర్‌లో వచ్చిన పైథాన్ 3.12 దాన్ని తీసేసింది. అతని ప్రోగ్రాం వాడే పాత పైఎస్‌ఎన్‌ఎంపీ లైబ్రరీకి అదే ఆధారం. అసలు చిక్కు అలారం దగ్గరుంది. రీడింగ్ అందకపోతే, రీడింగులను దాచిపెట్టే ఆర్‌ఆర్‌డీటూల్ సున్నా అని రాయదు, 'తెలియదు' అని రాస్తుంది. అంతవరకు నిజాయితీయే. కానీ తెలియని విలువ ఏ అంకె కన్నా పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. 'హద్దు దాటితే మోగు' అని రాసుకున్న అలారం దాన్ని చూసి ఎప్పటికీ మోగదు. ఎంఆర్‌టీజీ అనే గ్రాఫుల ప్రోగ్రాం ఇంకా ఘోరం. వేరేగా చెప్పకపోతే, జవాబు రానప్పుడు చివరిసారి చూసిన విలువనే మళ్లీ రాసేస్తుంది. లింకు తెగిపోయినా గీత సాగుతూనే ఉంటుంది.

"చెప్పకుండా తీసేసినోళ్లదే కదన్నా తప్పు?" చెప్పారు. 2016 నాటి పైథాన్ 3.6 డాక్యుమెంటేషన్‌లోనే అసింక్‌కోర్ వద్దన్నారు, 2021లో 3.10 నుంచి హెచ్చరిక కూడా పెట్టారు. లైబ్రరీ లోపల పుట్టే అలాంటి హెచ్చరికలను పైథాన్ మామూలుగా తెరమీద చూపదు, అదీ సంగతి. పైఎస్‌ఎన్‌ఎంపీ రాసిన ఇల్యా ఎటింగాఫ్ 2022లో చనిపోయారు. ఆ తర్వాత వేరేవాళ్లు దాన్ని ఎత్తుకున్నారు. ఇందులో ముద్దాయి ఎవరు? "పాత వెర్షన్‌నే కట్టేసి పెట్టుకుంటే?" మంచిదే, కొన్నాళ్లకు. భద్రతా సవరణలు ఆగిపోయిన పైథాన్‌ను రౌటర్ పాస్‌వర్డులున్న సర్వర్లో ఎల్లకాలం ఉంచలేం.

కాబట్టి ప్రోగ్రాం నడుస్తోందో లేదో చూసేందుకు ఇంకోటి కావాలి. దీని మీద గట్టి ఆక్షేపణ చివరిది: "దాన్ని చూసేకి ఇంకోటి, ఆ ఇంకోదాన్ని చూసేకి మరొకటి... అంతెక్కడన్నా?" తార్కికులు దీన్నే అనవస్థ అన్నారు. చూసేవాళ్లను ఒకరిపై ఒకరిని పేర్చుకుంటూ పోతే అనవస్థే. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడితే కాదు. ప్రోగ్రాం నిజంగా రీడింగ్ తీసుకున్నాకే, ఐదు నిమిషాలకోసారి, ఇంకో యంత్రానికి 'చూశాను' అని కబురంపాలి. కబురు రాకపోతే అక్కడ అలారం మోగాలి. ఆ యంత్రం కబురు ఇక్కడికి రావాలి. రెండూ ఒకేసారి పడిపోతే ఈ ఏర్పాటు పనికిరాదు, నిజమే. అందుకే రెండోది వేరే కరెంటు మీద, వేరే లైను మీద, ఏ హోసపేటలోనో ఉండాలి. దానికి అప్‌గ్రేడ్ అదే రాత్రి చేయకూడదు.