మఱుగుపడిన గాయము – మన పద్దు

వియన్నా వైద్యులగు బ్రాయర్, ఫ్రాయిడ్‌లు 1895లో హిస్టీరియాను గూర్చి గ్రంథమొకటి ప్రకటించిరి. మనస్సు భరింపలేని అనుభవము మఱపున పడినను నశింపదనియు, రోగరూపమున బయటపడుననియు వారి సిద్ధాంతము. మొదటి ప్రపంచయుద్ధమున దెబ్బతిన్న మనస్సులకు ఆ ఘోరమే మరల మరల కలలో వచ్చుటను ఫ్రాయిడ్ 1920లో చర్చించెను.

ఇచట ధర్మసందేహమొకటి కలదు. చిన్ననాడు తన తండ్రిని అప్పులవారు నలుగురిలో అవమానింపగా చూచిన బాలుడు, పెద్దవాడై దుకాణపు గద్దెపై కూర్చుండి, బాకీదారుని చూచినంతనే మండిపడుచున్నాడనుకొందము. కారణ మతనికే తెలియదు. మరి దోషమెవరిది?

మన శాస్త్రమున సత్తాలోనున్న కర్మము వేఱు, ఉదయమునకు వచ్చినది వేఱు. కర్మము సూక్ష్మపుద్గలము, ఫ్రాయిడ్ చెప్పిన అచేతనము మనోవ్యాపారము. రెండును ఒకటి కావు. అయినను సందేహము తీరుటకు మన మార్గము చాలును. ఉదయించిన కోపము పాతబాకీ. దానికి లోబడి పలికిన పరుషవాక్యము క్రొత్త పద్దు. గాయము జాలికి పాత్రము, పద్దు మాత్రము మనదే.

కనుకనే గురువునెదుట దోషమును విప్పిచెప్పు ఆలోచన, వెనుకకు మరలు ప్రతిక్రమణము విధింపబడినవి. సంవత్సరినాడు బంధువులకు ‘మిచ్ఛామి దుక్కడం’ చెప్పుట సులభము. ఆ బాకీదారుని గుమ్మమునకేగి చెప్పినప్పుడే ఆ మాటకు విలువ.