ఒకే తుపాకి, రెండు రకాల గుండ్లు

ఒక మనిషి ఇతరులకు హాని చేయడానికి సర్వసన్నాహాలు చేసుకున్నాడు. కాని అతని పథకం పారలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. అప్పుడు అతనిపై దోషం ఉంటుందా? ఈ ప్రశ్నకు సమాధానం కోసం చరిత్రలో విఫలమైన ఒక వింత తుపాకిని పరిశీలిద్దాం.

1718 మే 15న లండన్‌లో జేమ్స్ పకిల్ అనే న్యాయవాది ఒక తుపాకికి పేటెంటు పొందాడు. మూడు కాళ్ళ స్టాండుపై నిలిపే ఆ తుపాకికి గొట్టం ఒక్కటే. దాని వెనుక మందు, గుండ్లు నింపిన గదుల చక్రం ఉంటుంది. చేత్తో తిప్పుతూ ఒక్కో గదిని గొట్టానికి ఎదురుగా తెచ్చి పేల్చాలి. 1722లో జరిగిన ప్రదర్శనలో అది వర్షంలోనే 7 నిమిషాల్లో 63 సార్లు పేలింది. ఆనాటి సిపాయి తన తుపాకిని నిమిషానికి మూడుసార్లు పేల్చడమే గొప్ప.

అయినా ఆ తుపాకి నిలవలేదు. చెకుముకి రాతి నిప్పురవ్వపై ఆధారపడిన ఆ యంత్రాన్ని నమ్ముకోవడం కష్టం. దాని భాగాలను తయారుచేయడం ఆనాటి పనివారికి అంతకన్నా కష్టం. ఇంగ్లండు ప్రభుత్వ ఆయుధ శాఖ దాన్ని తిరస్కరించింది. అది గాయపరచింది తనలో వాటాలు కొన్నవారినేనని లండన్‌లో ఎగతాళి చేశారు.

అయితే మనం ఆలోచించవలసిన విషయం వేరొకటి ఉంది. ఆ పేటెంటు పత్రంలో రెండు రకాల గుండ్లు కనిపిస్తాయి. క్రైస్తవులపై పేల్చడానికి గుండ్రనివి, తుర్కులపై పేల్చడానికి నలుచదరపువి! ఆ కాలపు ఐరోపాలో తుర్కులంటే సాధారణంగా ముస్లింలనే అర్థం. నలుచదరపు గుండు మరింత బాధాకరమైన గాయం చేస్తుందని భావించేవారు. అంటే మతాన్ని బట్టి బాధను కొలిచి పెట్టారన్నమాట!

ఆ తుపాకి పనికిరాలేదు కనుక ఆ ఆలోచన కూడా నిర్దోషమైనదేనా? ఇద్దరు ముస్లింలు కత్తులు దూసి తలపడితే చంపినవాడే కాదు, చనిపోయినవాడు కూడా నరకానికి పాత్రుడేనని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హెచ్చరించారు. ఎందుకంటే అతను కూడా ఎదుటివాణ్ణి చంపాలనే ఉబలాటపడ్డాడు. దైవభీతితో చెడును విడిచిపెట్టినవానికి పుణ్యం లభిస్తుంది. కాని చెయ్యి చాపిన తర్వాత పనిముట్టు మొరాయించినంత మాత్రాన ఎవడూ పుణ్యాత్ముడు కాలేడు.

ఇస్లాం పశువును జిబహ్ చేసేటప్పుడు సైతం కత్తికి పదును పెట్టమని, దాన్ని బాధపెట్టవద్దని ఆదేశించింది. మూగజీవి విషయంలోనే ఇంత జాగ్రత్త ఉంటే, మనిషి బాధను పెంచే ఉపాయం వెతకడం ఎంతటి ఘోరం!

ఈ మాటలు చదివి క్రైస్తవ సోదరులపై ఆగ్రహం పెంచుకోవడం తగదు. ఎప్పుడో ఒక వ్యక్తి చేసిన పనికి నేటి మన ఇరుగుపొరుగు బాధ్యులు కారు. ఒక జాతిపై ఉన్న ద్వేషం కూడా మిమ్మల్ని న్యాయం నుంచి తప్పించరాదన్నది దివ్యఖుర్ఆన్ (మాయిదా సూరా) బోధన.

ఇక ఆత్మపరిశీలన చేసుకుందాం. మా కంకిపాడులో ఏ వ్యాపారి అయినా తనవారికి ఒక తూకం, పరాయివారికి ఒక తూకం వాడితే ఊరంతా మోసగాడంటుంది. మరి మన నాలుక తూకం మాటేమిటి? మనవాడు తప్పు చేస్తే ‘పొరపాటు’ అంటాం. అదే తప్పు వేరే మతస్థుడు చేస్తే ‘వాళ్ళంతా అంతే’ అంటాం. ఇంట్లో కూతురు అలసిపోతే జాలి పడతాం, కోడలు అలసిపోతే బద్ధకమంటాం. ఇవి నలుచదరపు గుండ్లు కాక మరేమిటి? పైగా పకిల్ తుపాకి మొరాయించింది. మన నాలుక ఏనాడూ మొరాయించదు. అది పేలిన ప్రతిసారీ ఎవరికో ఒకరికి గాయమవుతూనే ఉంటుంది.

అందరికీ ఒకే తూకంతో న్యాయం చేసే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.