మడి, తొండి, ఒక శనివారం రాత్రి

శనివారం రాత్రి పదిన్నరకి మా హాస్టల్ వాట్సాప్ గ్రూప్‌లో ఒకటే మాట పడుతుంది: "రెడీనా?" ఇంజనీరింగ్ అయిపోయి పదమూడేళ్లయింది. ఒకడు పుణేలో, ఒకడు డాలస్‌లో, మిగతా ముగ్గురం హైదరాబాద్‌లోనే. ఒకే ఊళ్లో ఉన్న ముగ్గురం కలిసి టీ తాగి ఏడాది దాటింది గానీ, ఈ రెండు గంటల ఆట మాత్రం తప్పలేదు. కాల్పుల మధ్యే పిల్లల జ్వరాలు, లేఆఫ్ భయాలు, నాన్నల మోకాళ్ల నొప్పులు అన్నీ వచ్చిపోతుంటాయి. నిజానికి ఆట ఒక వంక.

ఈమధ్య వాళ్లు కొత్త ఆటకి మారారు. అది లైనక్స్ మీద నడవదు. నేను ఇంట్లో వాడేది లైనక్స్. "నా దాంట్లో రాదురా" అన్నాను. "విండోస్ వేసుకో, ఒక్క రాత్రి పని. నువ్వూ నీ మడీ!" అని నవ్వాడు డాలస్ వాడు.

ఆ మాట గుచ్చుకుంది. మడి అంటే ఏంటో మా నాయనమ్మ దగ్గర చూశాను. మడి కట్టుకుని వంట చేసేటప్పుడు నేను పరిగెత్తుకుంటూ వెళ్తే, రెండు చేతులూ పైకెత్తి వెనక్కి జరిగేది. ప్రేమ లేక కాదు. ఆ శుద్ధి నిలబడాలంటే మనవణ్ణి కూడా ముట్టుకోకూడదు. అది శుభ్రత మాత్రమే కాదు, ఎవరిని ఎంత దూరంలో ఉంచాలన్న లెక్క కూడా అని పెద్దయ్యాక అర్థమైంది. నేనూ ఇప్పుడు చేతులు పైకెత్తి నిలబడ్డానా?

ఆపరేటింగ్ సిస్టమ్ ఎంపిక అంటే మామూలుగా లాభనష్టాల పట్టిక వేస్తాం. రోజువారీ పనులకి ఆ పట్టిక ఎప్పుడో తేలిపోయింది. బ్రౌజర్, మెయిల్, సినిమా, తెలుగు టైపింగ్, ఇవన్నీ ఎక్కడైనా దాదాపు ఒకటే. ఆటల సంగతీ మారింది. విండోస్ ప్రోగ్రాములని లైనక్స్ మీద నడిపే వైన్ 1993 నుంచీ ఉంది. దాని ఆధారంగా వాల్వ్ కంపెనీ 2018లో ప్రోటాన్ తెచ్చింది. ఆట డైరెక్ట్‌ఎక్స్ భాషలో అడిగినదాన్ని అప్పటికప్పుడు వల్కన్ భాషలోకి మార్చి చెప్పే దుబాసీ అది. 2022లో వచ్చిన స్టీమ్ డెక్, చేత్తో పట్టుకుని ఆడుకునే లైనక్స్ కంప్యూటరే. అటు చూస్తే, 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0, కాస్త కొత్త ప్రాసెసర్ ఉండాలి. బాగానే పనిచేస్తున్న పాత మెషీన్ ఉన్న చాలామందికి 'మారాలా?' అన్న ప్రశ్న ఇలా ఇంటికొచ్చి తలుపు తట్టింది.

అంటే 'నడుస్తుందా, నడవదా' అన్నది చాలా ఆటల విషయంలో సమస్యే కాదిప్పుడు. మిగిలిన ప్రశ్న వేరు. నా మెషీన్‌లో ఆఖరి మాట ఎవరిది?

నేను లైనక్స్‌కి మారింది ఈ ప్రశ్న కోసమే. 1983లో గ్నూ ప్రాజెక్ట్ ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్ వాదన మీకు తెలిసే ఉంటుంది. ప్రోగ్రామ్‌ని వాడటమే కాదు, చదవడం, మార్చుకోవడం, నలుగురికీ పంచడం కూడా వాడేవాళ్ల హక్కు. ఆ హక్కు లేకపోతే ప్రోగ్రామే వాడేవాణ్ణి నడిపిస్తుంది. నాకిందులో పెద్ద సిద్ధాంతం కనబడలేదు. నా ఇంటి తాళం నా దగ్గరుండాలన్న మామూలు కోరికే కనిపించింది.

మరి ఆ కొత్త ఆట లైనక్స్ మీద ఎందుకు రాదు? తొండి వల్ల.

గోళీలాడిన ప్రతివాడికీ తొండి తెలుసు. ఆన్‌లైన్ తొండి కొంచెం ఖరీదైనది. గోడ వెనకున్న శత్రువుని చూపించే ప్రోగ్రామ్ ఒకటి, గురి తనే సరిచూసి కాల్చే ప్రోగ్రామ్ ఇంకొకటి. ఇవి కెర్నెల్‌లో, అంటే సిస్టమ్ లోపలి గదిలో దాక్కుంటే బయట కూర్చున్న కాపలావాడికి కనబడవు. అందుకని కాపలావాడూ లోపలి గదిలోకే వచ్చాడు. 2020లో వాలరెంట్‌తో వచ్చిన వాన్‌గార్డ్ అలాంటిదే. ఆట మొదలుపెట్టినప్పుడు కాదు, కంప్యూటర్ ఆన్ చేసినప్పుడే లేచి కూర్చునేది. కెర్నెల్‌లో ఉన్నవాడు ఏ గదికైనా వెళ్లగలడు, ఏ బీరువానైనా తెరవగలడు. తెరుస్తున్నాడని కాదు. తెరిస్తే ఆపే వాళ్లుండరు.

మొదట్లో నాకిది పచ్చి దౌర్జన్యంలా తోచింది. ఆట కోసం ఇంటి తాళమా? కానీ అవతలివైపు నుంచి ఆలోచిస్తే మాట పడిపోతుంది. లైనక్స్‌లో కెర్నెల్‌ని నేనే మార్చి, కంపైల్ చేసి పెట్టుకోవచ్చు. 'ఈ మెషీన్‌లో తొండి ప్రోగ్రామ్ ఉందా?' అని ఆట అడిగితే 'లేదు' అని చెప్పేలా దానికి నేర్పొచ్చు. ఏ స్వేచ్ఛ చూసుకుని మురిసిపోతున్నానో, సరిగ్గా ఆ స్వేచ్ఛ వల్లే నా మెషీన్ మాటకి ఆటలో విలువ లేదు. పూర్తిగా నా మాటే వినే యంత్రం, నా కోసం అబద్ధం కూడా ఆడుతుంది. 2024 చివర్లో ఎపెక్స్ లెజెండ్స్ లైనక్స్‌ని మూసేసినప్పుడు చెప్పిన కారణం దాదాపు ఇదే.

గోళీలాటలో కెర్నెల్ కాపలా అక్కర్లేదు. చుట్టూ నలుగురుంటారు, తొండి చేసినవాడికి రేపు సాయంత్రం ఆట ఉండదు. మా ఐదుగురి మధ్యా అంతే, ఎవడేంటో అందరికీ తెలుసు. కానీ అవతలి ఐదుగురూ ఎవరో తెలియదు. వాళ్లకి మేమూ తెలియదు. మొహం తెలియని చోట నమ్మకం కావాలంటే ఎవరో ఒకరు జేబులు వెతకాల్సిందేనా? వెతకనివ్వను అనడం నా హక్కే. వెతకనివ్వనివాడితో ఆడను అనడం వాళ్ల హక్కు కూడా. రెండూ న్యాయంగానే ఉన్నాయి. చిక్కంతా అదే.

పోనీ, నా మడి అయినా అంత గట్టిదా? 2024లో రెండు సంఘటనలు జరిగాయి. జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ ఒకటి వికటించి దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు కూలబడ్డాయి. మన హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అదీ కెర్నెల్‌లో కూర్చున్న కాపలావాడి పొరపాటే. "చూశారా!" అని లైనక్స్ వాళ్లం తెగ సంబరపడ్డాం. అంతకు నాలుగు నెలల ముందు మన ఇంట్లో జరిగింది మాత్రం మర్చిపోయాం. ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ లైబ్రరీలోకి ఒక సహాయకుడు చేరాడు. రెండేళ్లకి పైగా ఓపిగ్గా పనిచేసి నమ్మకం సంపాదించాడు, చివరికి దొంగదారి పెట్టాడు. సర్వర్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వుకుంటూ వెళ్లిన ఒక ఇంజనీర్ దాన్ని పట్టుకున్నాడు. ఆయన ఉద్యోగం మైక్రోసాఫ్ట్‌లో.

కెన్ థాంప్సన్ తన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో ఇదే చెప్పాడు. సోర్స్ కోడ్ మొత్తం చదివినా లాభం లేదు, దాన్ని కంపైల్ చేసిన కంపైలర్‌లోనే మోసం ఉండొచ్చు. మనం స్వయంగా రాయనిదాన్ని దేన్నీ పూర్తిగా నమ్మలేం. అది 1984లో అచ్చయింది. నేను రోజూ వాడే కెర్నెల్‌లో నేను చదివిన లైన్లు ఎన్ని? సిగ్గుపడకుండా చెప్తున్నా, సున్నాకి దగ్గర. నేనూ నమ్మకం మీదే బతుకుతున్నాను. కాకపోతే వేరేవాళ్లని నమ్ముతున్నాను.

అంటే ఎవరినీ నమ్మకుండా ఉండే సిస్టమ్ ఏదీ లేదు. అడగాల్సింది 'నమ్మాలా వద్దా' అని కాదు. ఎవరిని, ఎంతమేరకు, ఇచ్చిన తాళం వెనక్కి తీసుకునే వీలుందా అని. ఎక్స్‌జెడ్ దొంగదారి దొరికింది, ఎవరైనా తవ్వి చూసే వీలుండబట్టే. లైనక్స్ మీద నా నమ్మకానికి ఆధారం అది పవిత్రం కావడం కాదు, మైల పడితే కనబడటం.

చివరికి నేనేం చేశానంటే, ఇంకో చిన్న ఎస్సెస్డీ కొని విండోస్ దాంట్లో వేశాను. లైనక్స్ డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి ఉంది. కాబట్టి నేను ఆడుకునేటప్పుడు కాపలావాడు దాన్ని తాకినా చదవడానికేం ఉండదు. విండోస్‌లో బ్యాంకు లేదు, మెయిల్ లేదు, అమ్మానాన్నల ఫొటోలు లేవు. వచ్చినవాళ్లని అరుగు మీద కూర్చోబెట్టినట్టు.

ఇది చక్కటి పరిష్కారం అని చెప్పను. రెండు డిస్కులు, ఎన్‌క్రిప్షన్, ఇవన్నీ తెలిసినవాడి సౌకర్యాలు. పదహారేళ్ల కుర్రాడు నాన్న ఆఫీసు లాప్‌టాప్‌లో ఇదే ఆట ఎక్కించుకుంటే అక్కడ అరుగు లేదు, ఉన్నదంతా నట్టిల్లే. పైగా ఇంకో సంగతుంది. ఈజీ యాంటీ-చీట్, బ్యాటిల్‌ఐ లాంటివి 2021 నుంచీ ప్రోటాన్‌లో పనిచేస్తాయి. తలుపు తియ్యాలా వద్దా అన్నది ఆట తయారుచేసేవాళ్ల ఇష్టం. లైనక్స్‌లో ఎంతమంది ఉన్నారన్నది చూసే వాళ్లు ఆ లెక్క వేసుకుంటారు. నేను విండోస్‌లోంచి లాగిన్ అయిన ప్రతి శనివారం ఆ లెక్కలో ఒకడు తగ్గుతాడు. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఇంకో దారి అంటారు. ఉలిపికట్టె కూడా శనివారాలు ఊరితో కలిసి నడిస్తే ఆ రెండో దారిలో గడ్డి మొలుస్తుంది. అది నాకు తెలుసు. తెలిసే వెళ్తున్నాను.

మొన్న శనివారం పుణే వాడు ఆట మధ్యలో, "నాన్నకి బయాప్సీ రిపోర్ట్ వచ్చిందిరా" అన్నాడు. ఐదుగురం ఆడటం ఆపేశాం. అవతలి జట్టు మమ్మల్ని వరసగా కాల్చేసింది. ఆ రాత్రి రెండింటిదాకా మాట్లాడుకున్నాం.

తర్వాత మెషీన్ రీస్టార్ట్ చేశాను. స్క్రీన్ మీద మళ్లీ లైనక్స్ పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాను.