శిఖరం కనబడితే చాలదా?

దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లే వాహనాలు, ఊరు ఇంకో 8 కిలోమీటర్లుందనగా శిఖరేశ్వరం దగ్గర ఆగుతాయి. జనం మెట్లెక్కి, నంది దగ్గర నువ్వులు పోసి, దాన్ని తిప్పి, కొమ్ముల సందులోంచి దూరాన మల్లన్న గుడి శిఖరం కోసం కళ్లు చికిలించి చూస్తారు. అది కంటబడితే ఇక జన్మ లేదని నమ్మకం. మబ్బు పట్టిన రోజైతే "కనబడిందా?" అని ఒకరినొకరు అడుగుతారు. మొహమాటానికి కనబడిందనేవాళ్లూ లేకపోలేదు.

మోక్షం బస్సు దారిలోనే దొరుకుతుంటే అడవిలో నడవడమెందుకు?

ఎందుకో గానీ నడుస్తూనే ఉన్నారు. శివరాత్రికి, ఉగాదికి ఆత్మకూరు వైపు నుంచి వేలమంది వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా నల్లమలలో పడతారు. పెద్దపులులు తిరిగే అడవి. పండగ రోజుల్లో వదిలినట్టు అటవీశాఖ ఏడాది పొడుగునా వదలదు. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించిన రాజుగా 14వ శతాబ్దపు ప్రోలయ వేమారెడ్డికి పేరు. ఆ మెట్లు ఎంత సాయపడినా, భీముని కొలను లోయలోకి దిగి మళ్లీ కైలాసద్వారానికి ఎక్కే చోట మోకాళ్లు మొరాయించక మానవు.

కష్టపడి వచ్చినవాడికి పుణ్యం ఎక్కువ అనేద్దామా? పురాణ కాలక్షేపాల్లో వినబడే ఒక కథ అందుకు ఒప్పుకోదు. శిఖరం చూసినవాళ్లందరికీ మోక్షమేనా అని పార్వతికి అనుమానం వచ్చింది. శివుడు ముసలివాడై బురదలో దిగబడ్డాడు. ఆమె ముసలమ్మ రూపంలో ఒడ్డున నిలబడి, పాపం లేనివాళ్లే చెయ్యందించాలని, లేకుంటే భస్మమవుతారని చెప్పింది. అంతా శిఖరం చూసి వచ్చినవాళ్లే, అయినా వెనక్కి తగ్గారు. ఒక వేశ్య మాత్రం, శిఖరం చూశాను కదా, నాకింక పాపమెక్కడిదని చెయ్యి చాచింది.

ఈ కథలో ఎవరు ఏ దారిన వచ్చారన్న ప్రశ్నే లేదు. బస్సు దిగి చూసినవాడి చూపును తేలిక చెయ్యదు, నడిచినవాడి అరికాళ్ల బొబ్బలకు ఖాతాలో జమ కట్టదు. నడకను పుణ్యం కోసం చేసే కూలిపనిగా లెక్కగట్టేవాళ్లకు ఇది కాస్త ఇబ్బందికరమైన కథే.

మరి నడకకు అర్థం? ఉగాదికి వచ్చే కన్నడిగుల్ని చూస్తే వేరే జవాబు తోస్తుంది. మల్లన్న దేవేరి భ్రమరాంబ వాళ్లింటి ఆడపడుచు. అందుకే పుట్టింటి సారె తెస్తారు. కొందరైతే కట్టెకాళ్ల మీద నడిచి మరీ వస్తారు. ఈ కొండల్లోని చెంచులకేమో మల్లన్న అల్లుడు. ఆడపిల్లను చూడటానికి బయల్దేరినవాళ్లు దారి దగ్గరా దూరమా అని బేరమాడరు. కైలాసద్వారం దగ్గర ఊపిరి తీసుకుని, చీర మూట నలిగిందేమోనని ఒకసారి విప్పి చూసుకుని, మళ్లీ నడుస్తారు.