చావని కణం, చచ్చిపోయిన కుక్క

ఆసియాలో ఎక్కడో ఒక కుక్క ఉండేది. నాలుగు వేల నుంచి ఎనిమిదిన్నర వేల ఏళ్ల కిందటి మాట. దాని ఒంట్లో ఒక కణం అదుపు తప్పి కణితిగా పెరిగింది. కుక్క చచ్చిపోయింది కానీ, కణితి చావలేదు. అప్పటికే జత కట్టినప్పుడు మరో కుక్కకు అంటుకుంది, దాన్నుంచి ఇంకోదానికి. పశువైద్యులు సీటీవీటీ అని పిలిచే ఈ అంటు క్యాన్సర్ మన వీధికుక్కల్లోనూ కనిపిస్తుంది. ప్రపంచంలో ఏ మూల కనిపించినా, అది ఆ ఒక్క కుక్క కణాల సంతతే.

ఇందులో వైరస్ పాత్ర లేదు. అంటుకునేది క్యాన్సర్ కణమే. 1876లో నొవిన్‌స్కీ అనే రష్యన్ పశువైద్యుడు ఒక కుక్క కణితి ముక్కను మరో కుక్కకు అంటుకట్టి పెంచి చూపించాడు. అసలు గుట్టు 2006లో రట్టయింది. లండన్‌లో రాబిన్ వైస్ బృందం వేర్వేరు ఖండాల కణితుల డీఎన్‌ఏ పరీక్షిస్తే, ఏ కణితీ తనను మోస్తున్న కుక్కతో సరిపోలలేదు. కణితులన్నీ ఒకదానితో ఒకటి సరిపోలాయి. 2019లో కేంబ్రిడ్జ్‌కి చెందిన ఎలిజబెత్ మర్చిసన్ బృందం 43 దేశాల నుంచి తెచ్చిన 546 కణితులతో వంశవృక్షమే గీసింది. దాని ప్రకారం ఈ క్యాన్సర్ సుమారు రెండు వేల ఏళ్ల కిందట ఆసియా పొలిమేర దాటింది. అమెరికా చేరింది దాదాపు 500 ఏళ్ల కిందట, ఓడల కాలంలో.

మరి ఆ మొదటి కుక్క చచ్చినట్టా, బతికున్నట్టా?

ఈ చిక్కు మిళిందుడనే యవన రాజుకు బౌద్ధభిక్షువు నాగసేనుడు చెప్పిన సమాధానాన్ని గుర్తుకు తెస్తుంది. రాత్రంతా వెలిగిన దీపంలో తొలిజాము జ్వాలా, కడజాము జ్వాలా ఒకటీ కాదు, వేరూ కాదు. కణితి కథా అంతే. కుక్క కణంలో 78 క్రోమోజోములుంటే, కణితి కణంలో అరవై అటూ ఇటూగా ఉంటాయి. ఇన్ని వేల ఏళ్లలో దాని డీఎన్‌ఏలో పోగుపడిన మార్పులు సుమారు 19 లక్షలని 2014లో లెక్క తేలింది. శక్తినిచ్చే మైటోకాండ్రియాను సైతం తాను ఆశ్రయించిన కుక్కల దగ్గరే కాజేసింది, అదీ ఒకసారి కాదు, కనీసం ఐదుసార్లు.

కణం విషయంలో నాగసేనుడి మాట సరిపోతుంది. కుక్క విషయంలో చాలదు. దేహం నశిస్తుంది, దేహి మిగులుతాడని వింటూ పెరిగిన వాళ్లం. ఇక్కడ దేహంలో ఒక తునక మిగిలింది, దేహి జాడ లేదు. పిలిస్తే పరిగెత్తుకొచ్చేది, అలికిడికి చెవులు రిక్కించేది, పిల్లల్ని నాకేది ఏదీ ఆ కణితిలో లేదు. ఆ కుక్క డీఎన్‌ఏ మాత్రం పోలికలు పట్టేంతగా నిలిచింది. నువ్వంటే నీ జన్యువులేనని ఇవాళ ఎంతో ధీమాగా చెబుతున్నారు. ఆ ధీమాకు ఇంతకంటే గట్టి ఎదురు సాక్ష్యం దొరకదు. ప్రాణమున్న కణం వేరు, ఒక జీవి బతకడం వేరు.

చావులేని బతుకు అనగానే మహాభారతంలోని అశ్వత్థామ గుర్తొస్తాడు. అతనికి అది వరంగా కాదు, శాపంగా దక్కింది. నెత్తురూ చీమూ కారుతూ మూడు వేల ఏళ్లు తిరగమన్నాడు కృష్ణుడు. కానీ అశ్వత్థామ పాపం చేశాడు. వీధికుక్క ఏం చేసింది? పూర్వజన్మ కర్మ అనేసి చేతులు దులుపుకోవడం తేలికే. ఆ మాట కుక్క బాధకు కారణం చెప్పదు, చూసేవాడికి తప్పుకునే దారి చూపిస్తుంది, అంతే.

ఆ బాధ ఎలా ఉంటుందంటే, జననాంగం దగ్గర కాలీఫ్లవర్‌లా ఎర్రని కండ పెరిగి, రక్తం బొట్లు బొట్లుగా కారుతుంది. కుక్క అస్తమానం అక్కడే నాక్కుంటుంది. కొన్నిటికి ముక్కులోకీ పాకుతుంది. జనం అసహ్యంతో రాయి విసురుతారు.

దీనికి మందుంది. పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టిన్. ఆకు నూరి పూస్తే పనిచేయదు, ఆ మొక్క విషం కూడా. శుద్ధిచేసిన మందును పశువైద్యుడు వారానికోసారి నరంలోకి ఎక్కించాలి. చాలా కుక్కలకు నాలుగు నుంచి ఆరు వారాల్లో కణితి కరిగిపోతుంది. మీ వీధిలో ఇలా రక్తం కారుతున్న కుక్క కనిపిస్తే తరమకండి, దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి కబురు చేయండి.