చెడిన పెట్రోలు ఎవరిది?

వస్తువు పనికి వచ్చునంత కాలము “ఇది నాది” అని చెప్పుటకు మనలో ఎవడును వెనుదీయడు. పొలము నాది, ఎడ్లు నావి, బండి నాది అందుము. అది చెడిపోయిన దినమున మాత్రము మన మాట మారును. “అవతల పారవేయుము” అందుము. అవతల అనగా ఎక్కడనో అడుగము. అక్కడ ఎవరున్నారో చూడము. కావున ఈ నెల మనము యోచింపవలసిన ప్రశ్న యిది: మంచిగా నున్నప్పుడు నాదైన వస్తువు చెడిన తరువాత ఎవరిది?

ఇది ఊరక వాదించుటకు పుట్టిన ప్రశ్న కాదు. ఇటీవల మా సంఘములోని ఒక పెద్ద నన్నిట్లడిగెను: “అయ్యగారూ, మా అబ్బాయి కువైట్ వెళ్లినది మొదలు కారు పాకలోనే యున్నది. ఏడాదిన్నర దాటినది. టాంకులోని పెట్రోలు చెడినదట, తీసివేయవలెనని మెకానిక్ చెప్పుచున్నాడు. ఇరవై లీటర్లు ఉండవచ్చును. గట్టు ప్రక్కను పారబోయించితే తప్పేమైన ఉన్నదా?” ఆయన అడిగినందుకు నేను సంతోషించితిని. అడుగకయే పారబోయువారు అనేకులు. 2020 మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌన్ విధించినప్పుడు ఎన్నో బండ్లు నెలల తరబడి కదలక నిలిచినవి. అప్పుడిట్టి ప్రశ్న ఎందరి యింటి ముంగిటికో వచ్చియుండును.

మొదట ఆ వస్తువు సంగతి తెలిసికొందము. పెట్రోలు ఒక్క పదార్థము కాదు, అనేక ద్రవముల కలగలుపు. అందులో మిక్కిలి తేలికయైనవి ముందుగా ఆవిరియై పోవును. బండి చల్లగా నున్నప్పుడు ఇంజను అంటుకొనుటకు తోడ్పడునవి అవియే. మిగిలినది గాలి తగిలి మెల్లమెల్లగా మారి, జిగురు కట్టును. రంగు ముదురును, వార్నిషు వంటి వాసన కొట్టును. ఆ జిగురు ఫిల్టరును, ఇంజనులోనికి పెట్రోలు చిమ్ము సన్నని రంధ్రములను మూసివేయును. మూత ఎంత బిగువుగా నున్నది, ఎండ ఎంత తగిలినది అను వాటిని బట్టి కాలము హెచ్చుతగ్గులగును గాని, ఆరు నెలలు దాటిన పెట్రోలును సందేహింపవలసినదే.

ఈ కాలమున ఇంకొక సంగతి కలదు. 2023 నుండి మన దేశములో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిపిన పెట్రోలు బంకులకు వచ్చుచున్నది. ఇథనాలు నీటిని పీల్చుకొను స్వభావము గలది. టాంకులోనికి తేమ మితిమీరి చేరినయెడల, నీరును ఇథనాలును ఒకటై అడుగునకు దిగును, పెట్రోలు పైన తేలును. పంపు లాగునది అడుగునుండియే గనుక, ఇంజనుకు చేరునది ఆ నీళ్ల మడ్డియే. ఇట్టి దానిని తీసివేయుమన్న మెకానిక్ సరిగానే చెప్పినాడు. తీయుట తప్పు కాదు. ఎట్లు తీయుదుము, తీసి ఏమి చేయుదుము అనుచోటనే ధర్మ విచారణ మొదలగును.

ఎట్లు తీయుదుము? పెక్కు షెడ్లలో జరుగునది మనమెరుగుదుము. పదునాలుగు పదిహేనేండ్ల కుర్రవాని పిలిచి, ట్యూబు ఒక కొన టాంకులో పెట్టి, రెండవ కొన వాని నోటికిత్తురు. “లాగరా” అందురు. పెట్రోలు మిక్కిలి పలుచని ద్రవము. నోటికి వచ్చినది పొరపాటున ఊపిరితో లోనికి జారినయెడల ఊపిరితిత్తుల పైన పరచుకొని వాపు పుట్టించును. కొద్దిపాటి చాలును, ప్రాణము మీదికి వచ్చును. మింగినవానిని వాంతి చేయించుట మరింత అపాయము, ఏలయనగా బయటికి వచ్చుచు మరల ఊపిరిలోనికి పోవచ్చును. వానిని వెంటనే వైద్యుని యొద్దకు చేర్చవలెను. చేతితో నొక్కు చిన్న పంపు బజారులో కొద్ది రూపాయలకే దొరకును. ఆ కొద్ది రూపాయలు మిగుల్చుకొనుటకు పరుల పిల్లవాని ఊపిరిని పణముగా పెట్టుచున్నాము.

అదుల్లాము గుహలో నున్నప్పుడు దావీదు బేత్లెహేము బావి నీటికొరకు ఆశపడెను. ముగ్గురు మనుష్యులు ఫిలిష్తీయుల దండును చొచ్చి నీళ్లు తెచ్చిరి. అతడు త్రాగలేదు. ఆ నీరు తెచ్చినవారి ప్రాణముతో సమానమని యెంచి యెహోవా సన్నిధిని పారబోసెను. తన యవసరమునకై మరియొకడు తన ప్రాణమును తెగించినప్పుడు, దాని వెల యెంతో రాజునకు కనబడెను. బండిగల మనకు కనబడుచున్నదా? నీ కుమారుని నోటికి ఇయ్యని ట్యూబును మరియొకని కుమారుని నోటికి ఇయ్యకుము.

ఇక తీసినదానిని ఏమి చేయుదుము? లీటరు 100 రూపాయలు దాటిన ఈ దినములలో పారబోయుటకు మనసొప్పక, కొందరు దానిని తెలియనివాని బైకులో పోసి సగము ధర పుచ్చుకొందురు. పాతది కొంచెముగా మాత్రమే చెడి, నీరు కలియక యున్నయెడల, మెకానిక్ చూచి సరేయన్న పిమ్మట, కొద్దికొద్దిగా క్రొత్త పెట్రోలులో కలిపి సొంత బండికి వాడుకొనుటలో దోషము లేదు. నష్టము వచ్చిన తనకే వచ్చును. అదే పెట్రోలును చెప్పక పరుని టాంకులో పోసినప్పుడు నష్టము అతనిది, లాభము నాది. పదార్థము ఒక్కటే, కార్యము ఒక్కటి కాదు. నష్టము ఎవరి మీద పడును, అది వానికి తెలియునా అనునదే ఇక్కడి తూకపు రాయి.

అట్లయిన మట్టిలో పోసిన ఎవరికి నష్టము? ఎవరికిని కనబడదు గనుక ఎవరికిని లేదనుకొందుము. పెట్రోలులో బెంజీను అను పదార్థము కొంత గలదు. అది క్యాన్సరు కలిగించునని వైద్యశాస్త్రము నిర్ధారించినది. మట్టిలో ఇంకిన పెట్రోలు క్రిందికి దిగి భూగర్భ జలమును చేరగలదు. డెల్టా గ్రామములలో వానకాలమున నీరు కొద్ది అడుగుల లోతుననే యుండును. నా గట్టు ప్రక్క మట్టి నాదే కావచ్చును గాని, దాని క్రింది నీరు నా సరిహద్దు రాళ్లను ఎరుగదు. కాలువలో పోసినను అంతే. గుంటలో పోసితిమా, దాని ఆవిరి గాలికంటె బరువైనది గనుక పల్లమున నిలిచియుండి, ఎవడో పారవేసిన బీడీకి భగ్గుమనును.

నిర్గమకాండము 21వ అధ్యాయములో ఒక చిన్న విధి గలదు. ఒకడు గోయి త్రవ్వి దానిని కప్పక విడిచినప్పుడు, పరుని ఎద్దుగాని గాడిదగాని అందులో పడి చచ్చినయెడల, గోతివాడు దాని వెల చెల్లింపవలెను, చచ్చిన పశువు వానిదగును. ఈ కడపటి మాటను గమనింపుడి. బ్రదికియున్న ఎద్దు పొరుగువానిది, చచ్చిన ఎద్దు గోతివానిది. నేను పడవేయలేదు, అది తానే పడినదను సాకు అక్కడ చెల్లదు. మూత వేయవలసినది నీవు, వేయలేదు, అంతియే. మొదట నేనడిగిన ప్రశ్నకు ఇందులో జవాబున్నది. చెడినంత మాత్రమున వస్తువు నీది కాకపోదు. దాని మేలు అనుభవించినవాడే దాని కీడునకు కాపరి.

“ఐదు లీటర్లకే యింత విచారమా? ఊరిలో అందరును పోయుచునే యున్నారు గదా?” అని కొందరందురు. అందరును పోయుచున్నారు గనుకనే విచారింపవలెను. ఒక్కొక్కరు ఐదు లీటర్లని తలంచినను, త్రాగువారి బావి ఒక్కటే. మరికొందరు, “పల్లెటూరిలో దీనిని తీసికొనువారెవరు?” అందురు. ఈ మాటలో న్యాయమున్నది. 2016లో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము అపాయకరమైన వ్యర్థములు అధికారపత్రము గలవారికే చేరవలెను. అట్టివారు మన గడపకు రారు. పట్టణములో పెద్ద సర్వీసు షెడ్లు తమ పాత ఆయిలును అట్టివారికి అప్పగించుచుండును. ముందుగా అడిగి, అక్కడికి చేర్చవచ్చును. ప్రయాసమగును. అయితే ఆ ప్రయాసము మనది. దానిని తప్పించుకొన్నయెడల అది మాయము కాదు, పొరుగువాని నెత్తికెక్కును.

ఆ పెద్దతో నేను చెప్పినవి ఇవి. ఇంజను చల్లారిన తరువాత, పాకలో గాక ఆరుబయట, బ్యాటరీ తీగ తీసి, పొయ్యి, బీడీ, సెల్‌ఫోను దూరముగా నుంచి పని చేయింపుడి. పంపు వాడుడి, నోరు వద్దు. క్రొత్త రకపు కార్లలో ఇంజనుకు పోవు గొట్టములో ఒత్తిడి యుండును గనుక తెలిసిన మెకానిక్ చేతనే విప్పింపుడి. తీసినది కొంచెము గాజు సీసాలో పోసి నిలుపుడి. అడుగున వేరు పొర కట్టినయెడల ఆ పెట్రోలు ఇక ఏ బండికిని పనికిరాదు. మిగిలినది బిగువు మూత గల లోహపు డబ్బాలో, నిండుగా గాక కొంత ఖాళీ విడిచి పోసి, పేరు వ్రాసి, పిల్లలకు అందని చోట నుంచుడి. చెత్త తగులబెట్టుటకు వాడవద్దు. అగ్గిపుల్ల గీచినవానినే ఆ మంట ముందు పట్టును. తరువాత ఫిల్టరు మార్పించి క్రొత్త పెట్రోలు పోయింపుడి.

ప్రియ చదువరులారా, పెట్రోలుతోనే ఈ మాట ఆగదు. పొలమునకు కొట్టగా మిగిలిన పురుగుల మందు, పాత బ్యాటరీ, రోగికి వాడిన సూది, ఇవన్నియు ఒకనాడు మనకు మేలు చేసినవే. మేలు అనుభవించునప్పుడు మనవని చెప్పితిమి. ఇప్పుడును మనవే. ఈ వారము మీ పాకలో, మీ అటక మీద మూలనున్న డబ్బాలను ఒకసారి చూడుడి. వాటిని కడవరకు కాపాడి, పొరుగువాని బావికి, పొరుగువాని బిడ్డకు తగులనీయక సాగనంపుట మనకు ఒప్పగింపబడిన పని.