అబ్బిన విద్యా, అంటగట్టిన విద్యా?

మన తాతల నాటి కచేరీల్లో ఉమేదువారీ అని ఒకటుండేది. జీతం లేకుండానో, పేరుకు ఏదో కొంత బత్తెం మీదనో కుర్రవాడు గుమాస్తాల పక్కన కూర్చుని, దస్త్రాలు మోసి, నకళ్ళు రాసి పని నేర్చుకునేవాడు. ఈనాడు బెంగుళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇంటర్న్‌షిప్ అంటున్నది దానికి మనవరాలి వరస. ఎలక్ట్రానిక్ సిటీకో వైట్‌ఫీల్డుకో కొన్ని నెలలపాటు వెళ్ళి రమ్మని కాలేజీవారు పంపుతారు. పిల్లలు ఒకటి నేర్చుకుందామని వెళతారు, చేతికి మరొకటి అంటుకుని వస్తుంది. అది మామూలే. అంటుకున్నది వాళ్ళదేనా, లేక ఎవరైనా అంటగట్టిందా అన్నదే ఆలోచించవలసిన సంగతి.

ఒక అమ్మాయిని ఊహించుకుందాం. ఇలాంటి పిల్ల మన ఇళ్ళలో ఏదో ఒక ఇంట ఉండే ఉంటుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కాలేజీలో ఇంగ్లీషు. తెలుగు చదవడం ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. కన్నడ అక్షరాల మీదుగా తనే కూడబలుక్కుంది. తలకట్టు తేడా పట్టుబడితే సగం దారి నడిచినట్టే కదా! కృత్రిమ మేధ మీద పని చేయాలన్న ఆశతో కంపెనీలో చేరింది. పైఅధికారి మాత్రం, "నీకు తెలుగొచ్చుగా, ఇది చూడు" అని, ఫోను తెర మీద వత్తులు చెదిరిపోతున్న తెలుగు వాక్యం ఒకటి ఆమె ముందు పెట్టాడు.

మనసుకు కష్టంగానే ఉంటుంది. తోటివారికి పెద్ద పనులు, తనకేమో పుట్టుకను బట్టి వచ్చిన చిల్లర పని. కానీ నాలుగు రోజులు కూర్చుంటే అది చిల్లర పని కాదని తెలుస్తుంది. కంప్యూటరు 'క్ష్మి' అన్నదాన్ని ఒక బొమ్మగా దాచుకోదు. క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని వరసగా సంఖ్యల రూపంలో దాచుకుంటుంది. వాటిలో ఏది నిలబడాలో, ఏది వత్తుగా కిందికి దిగాలో, గుడి ఎవరి నెత్తిన ఎక్కాలో తేల్చడం వేరొక ప్రోగ్రాము పని. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకూ కన్నడానికీ పక్కపక్కనే 128 గదుల చొప్పున చోటిచ్చారు. తెలుగు 'క' సంఖ్య 3093, కన్నడ 'క' సంఖ్య 3221. తేడా సరిగ్గా 128. 'ఖ'కూ అంతే, 'గ'కూ అంతే. అంతకు ముందే ఇస్కీ అనే మన దేశపు ప్రమాణం భారతీయ లిపులను ఒకే పట్టికలో కూర్చోబెట్టింది. యూనికోడ్ ఆ వరసనే అందుకుంది. ఇటు పూర్తిగా తెలుగూ కాక, అటు పూర్తిగా కన్నడమూ కాక, రెంటికీ చెడ్డ రేవడినని ఇన్నాళ్ళూ అనుకున్న పిల్లకు, ఆ రెండు గట్లూ తెలియడమే ఒక విద్య అని అక్కడ తెలుస్తుంది.

ఈ విద్య విలువ లోకానికి ఒకసారి బాగానే తెలిసివచ్చింది. 2018 ఫిబ్రవరిలో, కంటికి కనబడని ఒక గుర్తు లోపల దాగిన 'జ్ఞా' అనే ఒక్క తెలుగు అక్షరం సందేశంగా వస్తే చాలు, ఐఫోన్లలో ఆ సందేశం తెరిచిన ప్రోగ్రాము కుప్పకూలిపోయేది. ఆ నెలలోనే యాపిల్ కంపెనీ సవరణ విడుదల చేయవలసి వచ్చింది. జ్ఞానానికి మొదటి అక్షరమే యంత్రానికి మింగుడు పడలేదన్నమాట.

ఇంతవరకు బాగానే ఉంది. ఇక చిక్కు ప్రశ్న. 'నువ్వు తెలుగుదానివి కనుక తెలుగు పని నీది' అన్న మాటకూ, 'కుమ్మరి కొడుకువి కనుక సారె నీది' అన్న మాటకూ తేడా ఏమిటి? పుట్టుకను చూసి పని పంచడాన్నే కదా ఈ దేశంలో ఎందరో మహనీయులు ఎదిరించింది! స్వధర్మం అనే గొప్ప మాట వెనక ఎందరి ఆశలు అణగిపోయాయో మనకు తెలియనిది కాదు. ఆ అమ్మాయికి కలిగిన కష్టాన్ని చిన్నతనమని కొట్టిపారేయడానికి వీల్లేదు.

దీనికి జవాబు వెతికితే నాకు సి.పి. బ్రౌన్ గుర్తుకు వస్తాడు. 1798లో కలకత్తాలో పుట్టిన ఆ ఇంగ్లీషువాడు 1817లో కంపెనీ కొలువుకు మద్రాసు వచ్చాడు. కొలువుకు దేశభాష కావాలి కనుక అక్కడి కోట కాలేజీలో వెలగపూడి కోదండరామ పంతులుగారి దగ్గర తెలుగు మొదలుపెట్టాడు. అదీ ఒక ఉమేదువారీయే. 1820లో కడప చేరాడు. ఉద్యోగం కోసం పట్టుకున్న భాష చివరకు మనిషినే పట్టుకుంది. 1829లో వేమన పద్యాలు అచ్చయ్యాయి, 1852లో నిఘంటువు వచ్చింది. పుట్టుక అతనికి తెలుగులో ఒక్క అక్షరం కూడా ఇవ్వలేదు. కష్టపడి సంపాదించుకున్నాడు.

అంటే పుట్టుక ఒక విద్యకు దగ్గర దారి చూపగలదు, అంతే. దాని మీద హక్కూ ఇవ్వలేదు, దానికి కట్టివేయనూ లేదు. మన అమ్మాయి విషయంలో చూడవలసినవి కూడా ఇవే. ఆ పనికి తక్కిన పనులతో సమానమైన జీతమూ మర్యాదా ఉన్నాయా? రేపు మరో పనికి పోతానంటే తలుపు తెరిచి ఉందా? ఉంటే అది అబ్బిన విద్య. లేకపోతే అంటగట్టిన విద్యే, ఎంత ముద్దుగా పేరు పెట్టినా.

తలుపు తెరిచే ఉంది, ఆమె వెళ్ళిపోయింది అనుకుందాం. తప్పు చేసినట్టా? లోపం ఎక్కడుందో తెలిసి, దిద్దడం చేతనై, దాటిపోతే మనసులో ఎక్కడో ఒక చిన్న బాకీ మిగులుతుందనే నా నమ్మకం. ఆ వత్తు చెదిరిన వాక్యాన్ని ఏ ముసలమ్మో, ఏ రైతో ఇప్పటికీ చదవలేక అవస్థ పడుతూ ఉంటారు. అయితే ఆ బాకీ తీర్చుకుంటే ఆమే తీర్చుకోవాలి. వసూలు చేసే అధికారం పైఅధికారికి లేదు, కన్నవారికి లేదు, భాషాభిమానులమని చెప్పుకునే మనకు అసలే లేదు.

సభల్లో పిల్లలను నిలబెట్టి, మాతృభాషకు ఏం చేశారని నిలదీయడం మనకు అలవాటు. మనం వాళ్ళకు ఏం ఇచ్చామన్నది ముందు లెక్క చూసుకోవాలి. కన్నడం వచ్చిన పిల్లకు తెలుగు అక్షరాలు నేర్పడానికి ఎన్నో నెలలు అక్కరలేదు. ఆ పాటి తీరిక చేసుకుని పక్కన కూర్చుంటే చాలు. ఆ తరువాత ఆ అక్షరాలతో ఏం చేసుకుంటారో వాళ్ళ ఇష్టం.